ముందు పప్పు, ఆ తర్వాతే బిర్యానీ

మధిర స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలెక్కే పిల్లల సామాన్లు చూడండి. ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా, నెయ్యి తప్పకుండా ఉంటాయి. చదువుకో, కోచింగుకో, ఉద్యోగానికో వెళ్తున్న బిడ్డకు అమ్మ అన్నీ సర్ది ఇస్తుంది, వంట ఒక్కటి తప్ప. పచ్చడి అయిపోయిన నాటి నుంచి కర్రీ పాయింటే దిక్కు. అందుకే ఊరు దాటే ముందు ఒక నెల వంటింట్లో గడపండి. ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ ఈ మాట చెబుతున్నాను. ఆకలి ఇద్దరికీ ఒక్కటే.

చాలామంది బిర్యానీతో మొదలుపెట్టి, అది చెడగానే వంట మన వల్ల కాదని తేల్చేస్తారు. పప్పుతో మొదలుపెట్టండి. వారమంతా అదే చేయండి. కందిపప్పు ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, చిటికెడు పసుపు. కాసేపు నానబెట్టి, కుక్కర్లో మూడు నాలుగు కూతలు రానివ్వండి. చింతపండు మాత్రం ముందే వేయొద్దు, పులుపు తగిలితే పప్పు బిరుసుగా ఉండిపోతుంది. చాలా ఇళ్లలో గోంగూరను విడిగా మగ్గించి ఉడికిన పప్పులో కలిపేది అందుకే. కారణం తెలిస్తే వంట గుర్తుంటుంది, బట్టీ పడితే మరుసటి వారానికే మరిచిపోతాం.

ఇక పోపు. దీని దగ్గర తొందరపడొద్దు. నూనె కాగిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూడండి. చిటపటలాడితే మిగతా ఆవాలు వేయండి. ఆ చప్పుడు తగ్గుతుండగా మినప్పప్పు వేసి, ఎర్రబడేదాకా చూపు మరల్చకుండా కలపండి. తర్వాత దంచిన వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ, ఆఖరున కరివేపాకు. ఒక్కోటి వేగడానికి పట్టే సమయం వేరు, ఈ వరుస అందుకే పుట్టింది. మన ఖమ్మం మార్కెట్ యార్డుకు బస్తాల కొద్దీ వచ్చే తేజ మిర్చి అయితే ఇంకా జాగ్రత్త. క్షణం ఆలస్యమైతే నల్లబడి, ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది. మిర్చి రంగు తిరగగానే మంట తగ్గించేయండి. చెవి, ముక్కు, కన్ను మూడూ పని చేయాల్సిన చోటు ఇది. పోపు కుదిరిందంటే చారు, వేపుడు, పులిహోర, రోటి పచ్చడి అన్నిటికీ దారి దొరికినట్టే.

ఉప్పెంత అని అడిగితే అమ్మ ‘తగినంత’ అంటుంది. విసుక్కోకండి. ఆమె చేతిలోని ఉప్పును చెంచాలో పోయించుకుని, ఎంతుందో చూసి కాగితం మీద రాసుకోండి. కారం, చింతపండు కూడా అంతే. ఇంటి రుచిని కాపాడుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. అమ్మ దగ్గర లేనివాళ్లకు మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ ఉండనే ఉంది, తెలుగిళ్లలో ఎందరికో వంట నేర్పిన పుస్తకం. చేతి నేర్పు చూడాలంటే మస్తానమ్మ వీడియోలు చూడండి. నూరేళ్లు దాటిన వయసులో, 2016లో యూట్యూబ్‌లోకి వచ్చి, ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండి చూపించిన ఆంధ్రా అవ్వ ఆవిడ, 2018 డిసెంబరులో కన్నుమూసింది. అంత పెద్ద వయసులో ఆమె కెమెరా ముందు కూర్చుని వండగా లేనిది, ఇరవై ఏళ్లవాళ్లు గ్యాస్ పొయ్యి ముట్టించడానికి భయపడడం ఎందుకు?

రెండో వారం చారు, బెండకాయ వేపుడు. మూడో వారం కోడిగుడ్డు పులుసు. కోడికూర ఆ తర్వాతే. నాలుగో ఆదివారం ఇంటిల్లిపాదికీ మీరే వండి, మీరే వడ్డించండి. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఏం తక్కువైందని అడగండి. నాయనమ్మ ఉంటే ముందుగా ఆమెనే అడగండి, మొదటి ముద్దకే చెప్పేస్తుంది.