హోమ్‌లోన్‌ క్రెడిట్‌ ఉద్యోగం: ఇంటి ఖర్చు చదవడం వచ్చినవారికే

బ్యాంకు ఉద్యోగం అనగానే మన విద్యార్థులకు పీవో, క్లర్క్‌ పరీక్షలే గుర్తొస్తాయి. ప్రైవేటు బ్యాంకుల్లో, హౌసింగ్‌ ఫైనాన్స్‌ కంపెనీల్లో రిటైల్‌ క్రెడిట్‌ అనే విభాగం ఉంటుంది. గృహరుణం ఇవ్వొచ్చా, ఇస్తే ఎంత అన్నది తేల్చేది అక్కడివాళ్లే. బీకాం, బీబీఏ, ఎంబీఏ ఫైనాన్స్‌ చేసినవారికి, సీఏ ఇంటర్‌ దగ్గర ఆగినవారికి ఇందులో చోటుంది. అయితే ఇంటర్వ్యూలో ఆదాయం గురించి గడగడా చెప్పేవాళ్లు కూడా ఖర్చు దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతారు. ఈ ఉద్యోగానికి ప్రాణం ఆ ఖర్చు లెక్కే.

మొదటిరోజు నుంచే చెవిన పడే మాట ఎఫ్‌ఓఐఆర్‌ (ఫిక్స్‌డ్‌ ఆబ్లిగేషన్‌ టు ఇన్‌కమ్‌ రేషియో). చేతికొచ్చే ఆదాయంలో నెలనెలా తప్పక కట్టాల్సిన వాయిదాల వాటా అది. కొన్ని బ్యాంకులు ఈఎంఐ-ఎన్‌ఎంఐ (నికర నెలసరి ఆదాయం) నిష్పత్తి అంటాయి. పరిమితి సంస్థను బట్టి, ఆదాయాన్ని బట్టి మారుతుంది. 50 శాతం అనుకుని ఒక లెక్క వేద్దాం. నెలకు 80 వేలు అందుకునే ఉద్యోగికి 40 వేల దాకా ఈఎంఐకి వీలుంది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే లక్షకు ఈఎంఐ సుమారు 868 రూపాయలు. అంటే 46 లక్షల దాకా అప్పు పుడుతుంది. ఆయనకు ఇప్పటికే 12 వేల కారు వాయిదా ఉంటే మిగిలేది 28 వేలు. అప్పు 32 లక్షలకు పడిపోతుంది. ఒక్క కారు దాదాపు 14 లక్షలు కోసేసింది. ఈ లెక్క నోటితోనే వేసేంత అలవాటు కావాలి.

కారు వాయిదా క్రెడిట్‌ రిపోర్టులో కనపడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. క్రెడిట్‌ కార్డు బాకీ ఉంటే అందులో 5 శాతాన్ని నెలవారీ బాధ్యతగా లెక్కగట్టే సంస్థలున్నాయి. కొడుకు చదువుకు తండ్రి సహదరఖాస్తుదారుగా సంతకం చేసి ఉంటే ఆ విద్యారుణం తండ్రి రిపోర్టులోనూ ఉంటుంది. మారటోరియం నడుస్తున్నంతకాలం వాయిదా సున్నాగా కనపడొచ్చు. అది ముగిశాక ఎంత కట్టాలో వేసి చూడాల్సింది ఆఫీసరే. పిల్లల్ని అమెరికాకో, యూకేకో పంపిన ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఇది వదిలేయదగ్గ పద్దు కాదు.

రిపోర్టుకు అందని బాధ్యతల దగ్గరే ఆఫీసరు పనితనం తేలుతుంది. మన ప్రాంతంలో ముందు చూడాల్సింది చీటీ. 5 లక్షల చీటీ, 25 నెలలు, నెలకు 20 వేలు అనుకుందాం. డివిడెండ్‌ పోను ఎంతో కొంత ప్రతినెలా చిట్‌ కంపెనీకి వెళ్తున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. పాట పాడకపోతే అది పొదుపు, రేపు డౌన్‌పేమెంట్‌కు అక్కరకొచ్చే డబ్బు. పాడేసుకుంటే అది అప్పే. జామీను ఇచ్చి తీసుకున్న డబ్బు కాబట్టి మిగిలిన నెలలన్నీ కట్టి తీరాలి. స్టేట్‌మెంట్‌లో మాత్రం రెండూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. పాస్‌బుక్‌ అడిగి చూడాల్సిందే. 1982 నాటి చిట్‌ఫండ్స్‌ చట్టం కింద నడిచే చీటీకైతే కాగితాలుంటాయి. వీధిలో వేసిన చీటీకి చాలాసార్లు నెలనెలా ఒకే తేదీన ఏటీఎంలో తీసిన నగదు తప్ప ఆనవాలుండదు.

తర్వాతది స్కూలు ఫీజు. సంస్థలు ఎక్కువగా ఆరు నెలల స్టేట్‌మెంట్‌ అడుగుతాయి. డిసెంబరు నుంచి మే దాకా తీసుకుంటే జూన్‌లో కట్టే ఫీజు అందులో ఉండనే ఉండదు. ఇద్దరు పిల్లలకు చెరో లక్షన్నర అంటే ఏడాదికి 3 లక్షలు, నెలకు 25 వేలు. పైన చెప్పిన కారు వాయిదాకు రెట్టింపు కన్నా ఎక్కువ. అయినా చాలాచోట్ల ఇది ఎఫ్‌ఓఐఆర్‌లోకి రాదు. మిగిలిన సగం జీతంలో సర్దుకుంటారనే ధీమా. కొత్తగా పెళ్లయిన జంటకూ, ఇద్దరు పిల్లల్ని కార్పొరేట్‌ కాలేజీ హాస్టల్లో చదివిస్తున్న ఇంటికీ ఒకే శాతం కొలమానం పెట్టడం సబబు కాదని నా అభిప్రాయం. నిష్పత్తి సరిపోయినా అప్రైజల్‌ నోట్‌లో ఈ ఖర్చు ప్రస్తావించే ఆఫీసరు ఆ కుటుంబానికీ, సంస్థకూ మేలు చేసినట్టే.

దరఖాస్తుదారుతో మాట్లాడే దశను పీడీ (పర్సనల్‌ డిస్కషన్‌) అంటారు. ‘‘మీ నెల ఖర్చెంత?’’ అని అడిగితే ఏదో ఒక అంకె చెప్పేస్తారు. ‘‘ఊళ్లో అమ్మానాన్నలకు పంపుతుంటారాండీ? చీటీ ఏమైనా కడుతున్నారా? పాట పాడారా?’’ అని విడివిడిగా, మర్యాదగా అడగాలి. కొంటున్నది కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌ అయితే తాళాలు చేతికొచ్చేదాకా అద్దె, ప్రీ-ఈఎంఐ (అప్పటిదాకా విడుదలైన రుణంపై వడ్డీ) రెండూ మోయాలి. డౌన్‌పేమెంట్‌ సంగతీ తరచి చూడాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల దాకా రుణమైతే ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం మించకూడదు. మిగతాది సొంతంగా తేవాలి, రిజిస్ట్రేషన్‌ ఖర్చులు అదనం. అది పర్సనల్‌ లోన్‌తోనో, ఇంట్లో బంగారం తాకట్టుపెట్టో తెస్తే మరో బాధ్యత నెత్తిన పడినట్టే.

కట్టే స్తోమతను ఎలా కొలవాలో కొన్ని దేశాల్లో నిబంధనలే చెబుతాయి. బ్రిటన్‌లో 2014 ఏప్రిల్‌ నుంచి అమలైన నిబంధనల ప్రకారం రుణదాత తప్పనిసరి వాయిదాలతోపాటు తిండి, కరెంటు, కౌన్సిల్‌ ట్యాక్స్‌ వంటి ఇంటి ఖర్చులనూ లెక్కలోకి తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో 2021 నుంచి అసలు వడ్డీకి 3 శాతం కలిపి, అప్పుడూ కట్టగలరో లేదో చూస్తున్నారు. విదేశీ బ్యాంకుల పని చేసే హైదరాబాద్‌ కార్యాలయాల్లో చేరాలనుకునేవారు ఈ పద్ధతులు చదువుకుని వెళ్తే మంచిది.

తయారీ కష్టమేం కాదు. ఎక్సెల్‌లో పీఎంటీ ఫార్ములా, పివట్‌ టేబుల్‌ నేర్చుకోండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్‌ తీసుకుని ప్రతి ఖర్చునూ తప్పనిసరి, తగ్గించుకోదగ్గది అని విడదీయండి. ఫారం 16, ఐటీ రిటర్న్‌ చదవడం రావాలి. చేరాక ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ బ్యాంకింగ్‌ అండ్‌ ఫైనాన్స్‌ (ఐఐబీఎఫ్‌) పరీక్షలు రాయొచ్చు.

మొదటి అవకాశం సేల్స్‌లో వచ్చినా తీసుకోండి. మీ ఫైలు వెనక్కి వచ్చిన ప్రతిసారీ క్రెడిట్‌ వాళ్లు రాసిన కారణం చదవండి. కుదరదని చెప్పడంతో వాళ్ల పని అయిపోదు. ఉద్యోగం చేస్తున్న భార్యను సహదరఖాస్తుదారుగా చేర్చొచ్చా? కొద్ది నెలల్లో తీరిపోయే కారు లోన్‌ను ముందే మూయిస్తే సరిపోతుందా? గడువు 25 ఏళ్లకు పెంచితే వాయిదా ఎంతకు దిగుతుంది? ఇంటర్వ్యూలో కేస్‌ స్టడీ ఇచ్చినప్పుడు అభ్యర్థి నుంచి రాబట్టాలని చూసేది ఈ ప్రశ్నలనే.