గోడలో గుండ్రని రంధ్రం

శూద్రకుని ‘మృచ్ఛకటికం’ మూడవ అంకంలో శర్విలకుడనే బ్రాహ్మణుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేయబోతూ, గోడ ముందు నిలిచి శాస్త్రచర్చ చేస్తాడు. కాల్చిన ఇటుకలైతే ఊడలాగాలి. పచ్చి ఇటుకలైతే కోయాలి. మట్టిగోడ అయితే తడపాలి. కొయ్య అయితే చీల్చాలి. పద్మం, సూర్యబింబం, బాలచంద్రుడు మొదలైన ఆకృతులను తలచుకొని, చివరకు పూర్ణకుంభాన్ని ఎంచుకొంటాడు. కొలతాడు మరచివచ్చి జంధ్యంతో గోడను కొలిచే ఘట్టం నవ్వు పుట్టిస్తుంది. కాని, ఈ గోడ దేనితో కట్టినది అన్న అతని మొదటి ప్రశ్న నవ్వదగినది కాదు.

కాంక్రీటు గోడ అతని శాస్త్రంలో లేదు. సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన ఈ కృత్రిమశిల ఎంతటి బరువునైనా మోయగలదు గాని, లాగితే సులభంగా పగులుతుంది. అందుకే దాని గర్భంలో ఇనుప కమ్మీలు ఉంచుతారు. ఉలిమీద సుత్తిదెబ్బ పడినప్పుడు ఆ తాకిడి గోడలోపల ప్రయాణించి, ఆవలి ముఖాన్ని తాకి, లాగుడుగా మారి వెనుదిరుగుతుంది. ఇవతల చిన్న కన్నం పడేసరికి అవతల పళ్ళెమంత పెచ్చు రాలడానికి కారణం ఇదే. మా వంటగదిలో పొగగొట్టం కోసం ఇలాగే కొట్టించి, పక్కగది గోడకు మళ్ళీ గిలాబా చేయించుకొన్నవాణ్ణి నేను.

కాంక్రీటును కొట్టరాదు, అరగదీయాలి. కోరింగ్ యంత్రం చేసే పని అదే. బోలుగా ఉన్న ఉక్కుగొట్టం అంచున లోహపు ముక్కలు అతికి ఉంటాయి. వాటిలో కృత్రిమ వజ్రపు రేణువులు పొదిగి ఉంటాయి. లోహం అరిగేకొద్దీ కొత్త రేణువులు పైకి తేలుతాయి. యంత్రాన్ని గోడకు కదలకుండా బిగించి తిప్పితే, సన్నని వలయం మాత్రమే పొడి అవుతుంది. నడుమనున్న స్తంభం చెక్కుచెదరక ఊడివస్తుంది. ఎడతెగక పారే నీరు గొట్టాన్ని చల్లబరచి, పొడిని బురదగా బయటకు తెస్తుంది. ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే నయంకాని వ్యాధి కలుగుతుంది కనుక, నీటిని పొదుపు చేయాలనుకోవడం తగదు.

ఇంతటి పదునులోనే ఒక ప్రమాదమూ ఉన్నది. వజ్రం కమ్మీని సైతం కోసివేస్తుంది. యంత్రం ఆగదు, గోడ కేకవేయదు. కట్టడం మాత్రం బలం కోల్పోతుంది. కాబట్టి కమ్మీలు, విద్యుత్తు తీగలు ఎక్కడున్నవో పరికరంతో ముందుగా గుర్తించాలి. దూలానికి గాని, స్తంభానికి గాని, బరువు మోసే గోడకు గాని ఇంజనీరు అనుమతి లేనిదే రంధ్రం చేయరాదు.

ఊడివచ్చిన ఆ కాంక్రీటు స్తంభాన్ని మనం చెత్తలో పారవేస్తాం. కట్టడం నాణ్యతపై సందేహం కలిగినప్పుడు ఇంజనీర్లు ఈ యంత్రంతోనే అటువంటి స్తంభాలను తీయించి, ప్రయోగశాలలో నలిపి పరీక్షిస్తారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456:2000 ప్రకారం కనీసం మూడింటిని పరీక్షించాలి. వాటి సగటు బలం నిర్దేశించిన దానిలో 85 శాతానికి తగ్గరాదు; ఏ ఒక్కటీ 75 శాతానికి దిగజారరాదు. అలా తీసిన చోట్లను తరువాత సిమెంటు మిశ్రమంతో పూడ్చివేస్తారు.