చీర కోయకుండా పావడ

‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురిగా అంటగడతాడు. ఆ వేషం మనం కట్టాలంటే పావడ కావాలి. అద్దెకి తేనక్కర్లేదు, అమ్మ చీర ఒకటి చాలు. కాకపోతే చీరని చీరగానే తిరిగివ్వాలి. అందుకని కత్తెర ముట్టుకోవద్దు.

మెత్తటి నూలు చీర తీసుకోండి. పన్నా సుమారు 45 అంగుళాలు. నడుము నుంచి చీలమండ దాకా 37 ఉందనుకుంటే, మిగిలిన 8 అంగుళాలు పైన లోపలికి మడవండి. మడత అంచుకి అంగుళం కింద చేత్తో దూరం దూరంగా కుట్టండి. ఆ సందులో నాడా దూర్చి లాగితే కుచ్చిళ్లు పడతాయి.

కొంగు లోపలికి పోయేట్టు నడుముకి రెండు చుట్లు చుట్టి నాడా ముడెయ్యండి. పక్క కుట్టు లేదు కదా, ముడి విప్పితే పావడ ఊడొస్తుంది. లోపల పంచె ఉంటే తెర వెనక శిష్యుడు క్షణాల్లో మళ్లీ మగపిల్లాడు! దావణికి చూడీదార్ చున్నీ సరిపోతుంది.

దారం మాత్రం చీరలో కలవని రంగుది వాడండి. విప్పేటప్పుడు పోగు తెగకుండా కనిపిస్తుంది. జరీ మీద సూది, పిన్నీసు వద్దు. నాటకం అయ్యాక దారం లాగేసి ఇస్త్రీ చేస్తే అమ్మ చీర అమ్మకే.