తిరుగు విమానము – చవుక బేరము

మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో కొందఱు గడచిన వేసవిలో, పెండ్లిండ్ల కాలమున, మమ్ము ఒక సంగతి అడిగిరి. బెంగుళూరు నుండి హైదరాబాదునకు ప్రత్యేక విమానము సగము ధరకే దొరకునని తమ సెల్‌ఫోనులకు ప్రకటనలు వచ్చుచున్నవట. ఇది నిజమా, మోసమా అని వారి ప్రశ్న. మేము విచారించి తెలిసికొన్నంతవఱకు ఇది మోసము కాదు. కాని అందులో ఒక మెలిక యున్నది. ఆ మెలిక తెలియక ముహూర్తమునకు అందుకొనలేకపోయిన కుటుంబము నొకదానిని మేమెఱుగుదుము. కావున ఈ సంచికలో దీనిని గూర్చి కొంత వివరముగా వ్రాయ దలచితిమి.

తిరుగు బండి సంగతి మన పెద్దలకు క్రొత్త కాదు. సంతలో బస్తాలు దింపిన బండివాడు ఊరికి ఖాళీగా మరలునపుడు, దారిలో కనబడినవారిని ఇచ్చినంత పుచ్చుకొని ఎక్కించుకొనెడివాడు. నేడు టాక్సీవారు రిటర్న్ బండి యని తక్కువకు తీసికొని పోవుటయు అదియే. ఎద్దులు ఎట్లును నడవవలసినవే. వచ్చినది లాభమే గదా!

బాడుగ విమానముల విషయమును ఇట్టిదే. హైదరాబాదులో నిలిపియుంచు విమానమును ఒక వ్యాపారి బెంగుళూరునకు పోవుటకు మాట్లాడుకొన్నాడనుకొందము. ఆయనను దింపిన పిదప అది తన చోటికి మరలిపోవలెను; లేదా మఱొక ఊరిలో వేచియున్న వేఱొకరిని ఎక్కించుకొనుటకు అచ్చటికి పోవలెను. ఎక్కినవారున్నను లేకున్నను ఇంధనము కాలును, విమానచోదకులకు జీతమీయవలెను, విమానాశ్రయమునకు రుసుము చెల్లింపవలెను. సాధారణముగా ఈ ఖాళీ ప్రయాణపు వ్యయమును గూడ మొదటి వ్యాపారి బాడుగలోనే కలిపి వసూలు చేయుదురు. కావున ఆ ఖాళీ దారిని ఎవరైన కొన్నచో వచ్చినదంతయు యజమానికి పైరాబడియే. దీనినే ఆ వృత్తిలోనివారు ఎంప్టీ లెగ్ అందురు.

ఇట్టి విమానములు మనము సామాన్యముగా టిక్కెట్టు కొని ఎక్కు చోటనే ఎక్కవలెనను నియమము లేదు. హైదరాబాదు బేగంపేట విమానాశ్రయము, బెంగుళూరు హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయము 2008లో క్రొత్త విమానాశ్రయములు తెఱచిన తరువాత సామాన్య ప్రయాణికుల సర్వీసులను విడిచినను, బాడుగ విమానములకు ఉపయోగపడుచునే వచ్చినవి. ఊరికి దగ్గఱగా దిగుటయే ధనికులకు ఇందులో పెద్ద సుఖము.

ఇక లెక్క చూతము. మా పిల్లలకు నేర్పు లెక్కయే. ఒక్కొక్క దారికి బాడుగ 2,00,000 రూపాయలనుకొందము; ఇది ఉదాహరణకు మాత్రమే. సగము తగ్గింపునకు తిరుగుదారి 1,00,000 రూపాయలకు వచ్చును, పన్ను వేఱు. ఇచ్చట మఱవరాని దొకటి: సాధారణముగా అమ్మునది ఒక సీటును కాదు, విమానమంతయు. ఏడ్గురు కూర్చుండు విమానములో ఏడ్గురును ఎక్కినచో తలకు సుమారు 14,286 రూపాయలు. మువ్వురే ఎక్కినచో 33,333 రూపాయలు. ఆ దారిలో సామాన్య విమానపు టిక్కెట్టు, ముందుగా కొన్నవారికి, ఇందులో చాల కొద్ది భాగమునకే దొరకును. కావున “సగము ధర” యన్నమాట విన్నంతనే, దేనిలో సగము అని అడుగవలెను. ప్రత్యేక విమానపు ధరలో సగమే గాని, మనము మామూలుగా చెల్లించు ధరలో సగము కాదు.

మెలిక యేమనగా, ఆ ప్రయాణము మనది కాదు. అది మొదటి వ్యాపారి ప్రయాణమునకు తోక. ఆయన రాక ఒక దినము వాయిదా పడినచో మన విమానము పుట్టనే పుట్టదు. ఆయన మధ్యాహ్నము బయలుదేరవలసినవాడు రాత్రికి బయలుదేరినచో మనమును రాత్రి వఱకు వేచియుండవలసినదే. తల దిగిన పిదప గాని తోక కదలదు.

మే మెఱిగిన కుటుంబమునకు జరిగిన దిదియే. మనుమరాలి పెండ్లి సికింద్రాబాదులో, ముహూర్తము తెల్లవాఱి 6 గంటల 40 నిమిషములకు. ఎనుబది యేండ్లు దాటిన అవ్వకు దీర్ఘప్రయాణము పనికిరాదని, ఏడ్గురకు సరిపడు తిరుగు విమానమును ముందునాటి సాయంకాలమునకు మాట్లాడుకొనిరి. ఆ దినము నాలుగు గంటలకు సందేశము వచ్చినది: విమానము హైదరాబాదు నుండి బయలుదేరలేదు, మొదటివారు తమ ప్రయాణము మరునాటికి మార్చుకొన్నారు. అప్పటికి సామాన్య విమానములో రెండు సీట్లే మిగిలియుండెను. తల్లిదండ్రులు వానిలో పోయిరి. నలుగురు రాత్రి బస్సులో పోయి, ముహూర్తము ముగిసిన గంటన్నరకు చేరిరి. అవ్వ మాత్రము ఇంటనే యుండి మాంగల్యధారణమును సెల్‌ఫోనులో చూచినది. సొమ్ము పదునొకండవ దినమున తిరిగి వచ్చినది. ఒప్పందములో వ్రాసియున్నది సొమ్ము తిరిగి యిచ్చుట మాత్రమే; వేఱు విమానము నిచ్చు బాధ్యత లేదు. వారు మోసపోలేదు, ఆ పత్రమును ముందుగా చదువలేదు, అంతే.

దీనికంటెను మిక్కిలి జాగ్రత్తగా చూడవలసినది మఱొకటి గలదు. మనతో ఫోనులో మాటలాడువాడు తఱచుగా మధ్యవర్తి. విమానము అతనిది కాదు. విమానమును నడపు సంస్థ యేది, దాని రిజిస్టరు సంఖ్య యేమి, ఇద్దఱు విమానచోదకు లుందురా, భీమా ప్రయాణికులకు వర్తించునా అని ముందే అడిగి వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. మన దేశపు విమానముల సంఖ్యలు వీ.టీ. అను అక్షరములతో మొదలగును. బాడుగకు ప్రయాణికులను ఎక్కించుకొనుటకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్ వారి అనుమతి యుండవలెను. స్వంత వినియోగమునకై రిజిస్టరైన విమానము సొమ్ము పుచ్చుకొని ప్రయాణికులను ఎక్కించుకొనరాదు. అనుమతి పొందిన సంస్థల పట్టికను ఆ శాఖవారు ప్రకటించుచుందురు గనుక, ఆ సంస్థ పేరు అందు కలదో లేదో చూచుకొనవచ్చును.

ఈ జాగ్రత్త యెందులకని తోచవచ్చును. 2019 జనవరి 21వ తేదీన ఎమిలియానో సాలా అను అర్జెంటీనా ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఫ్రాన్సులోని నాంత్ నుండి బ్రిటనులోని కార్డిఫ్‌నకు ఒంటి ఇంజను గల చిన్న విమానములో బయలుదేరి, ఇంగ్లీషు ఛానలులో కూలి మరణించెను. అది తిరుగు విమానము కాదు. కాని ఆ విమానమునకు గాని, దానిని నడపినవానికి గాని సొమ్ము పుచ్చుకొని ప్రయాణికులను గొనిపోవు అనుమతి లేదు. ఆ ప్రయాణము నేర్పఱచిన వానికి 2021లో బ్రిటను న్యాయస్థానము 18 నెలల కారాగారశిక్ష విధించెను. తక్కువ ధరయని సంతోషించువారికి ఈ సంగతి తెలియుట మంచిది.

సామాను విషయము చిన్నదే, కాని పెండ్లివారికి ముఖ్యము. చిన్న విమానములో పెట్టెలకు చోటు కొంచెము. గట్టి పెద్దపెట్టెల కంటె మెత్తని సంచులు ఇమిడిపోవును. తూకము ముందే చెప్పవలెను. చలివిడి బిందెలకు, సారె సామానుకు అందులో తావు లేదు. అవి రైలులోనే పోవలెను.

ఇన్ని చెప్పినను, ఈ బేరము ఎవరికిని పనికిరాదని మా అభిప్రాయము కాదు. దినమును గంటయు మార్చుకొనగలవారికి, ఏడెనమండుగురు కలిసి పోవువారికి, ఒకసారి పిల్లలకు ఆ ముచ్చట తీర్పదలచువారికి ఇది చక్కగా కుదురును. పెండ్లి, పరీక్ష, వైద్యుడిచ్చిన గంట, విదేశవిమానము నందుకొనుట – వీనికి మాత్రము రెండవ త్రోవ చేతిలో నుంచుకొననిదే దీని జోలికి పోరాదు.

పైని చెప్పిన కుటుంబమువారే ఈ సంవత్సరము మునిమనుమని నామకరణమునకు మరల తిరుగు విమానమును మాట్లాడుకొనిరి. ఈ సారి ముందుగా అందఱకును కాచిగూడ రైలుకు టిక్కెట్లు కొనిపెట్టుకొనిరి. విమానము చెప్పిన వేళకు రెండు గంటలు ఆలస్యముగా వచ్చినది. టిక్కెట్లు రద్దు చేసికొనుటలో కొంత సొమ్ము పోయినది గాని, అవ్వ బేగంపేటలో దిగి, నామకరణపు ముందునాటి రాత్రికే పసివాని ఊయలకడ కూర్చున్నది.