ఉసిరి చెట్టు కింద 220 విస్తళ్లు

కంపెనీ వనభోజనాల పని దసరా సెలవులు అయిన మర్నాడే మొదలవుతుంది. 2025 కార్తీకంలో ఆదివారాలు నాలుగే: అక్టోబరు 26, నవంబరు 2, 9, 16. బెజవాడ చుట్టుపక్కల ఆఫీసులకీ, కుల సంఘాలకీ, అపార్టుమెంట్ల వాళ్లకీ అందరికీ అవే నాలుగు రోజులు, అవే తోటలు, అవే వంటమేస్త్రులు. ఆటోనగర్‌లో మా యూనిట్ చిన్నది, పనివాళ్లం 85 మందిమి. 9వ తేదీ అనుకుని ముందు మేస్త్రికి 3,000 బయానా ఇస్తాం, ఆ తర్వాతే తోట మాట. ఈ తోట కాకపోతే ఇంకోటి దొరుకుతుంది, చెయ్యి తిరిగిన మేస్త్రి దొరకడు.

తర్వాత తలలెక్క. నోటీసు బోర్డు పక్కన కాగితం అంటించి, ఎవరింట్లో ఎంతమందో వారంలో రాయమంటాం. పెద్దలు ఎందరు, అయిదేళ్లలోపు పిల్లలు ఎందరు, ముసలివాళ్లు ఎందరు అని మేస్త్రి విడివిడిగా అడుగుతాడు. కాగితం మీద 220 తేలుతుంది. అందులో ఆ రోజు డ్యూటీలో ఉండే తొమ్మిదిమంది పేర్లకు ఎర్రగీత గీసి పెట్టుకుంటాను. వాళ్లు తోటకి రాలేరు కాబట్టి తోటే వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

నూజివీడు దారిలో ఒక మామిడితోట కుదురుతుంది. గట్టున కాపుకొచ్చిన ఉసిరి చెట్టు ఉంది, బోరు ఉంది, బస్సు తిరగడానికి చోటుంది. ఉసిరి లేని తోటకి కొమ్మ తెచ్చి పాతుకునేవాళ్లూ ఉన్నారు గానీ, చెట్టు నీడలో కూర్చుంటే ఆ తృప్తే వేరు. అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటడంతో వారమైనా నేల చెమ్మ ఆరదు. మామూలుగా ఆరడుగుల పొడవున అడుగు లోతు గాడి తవ్వి, దానిమీద గుండిగలు వరసగా ఎక్కిస్తారు. దాన్ని గాడిపొయ్యి అంటారు. ఈసారి గాడిలో నీరు ఊరుతుందని మేస్త్రి ఇటుకలతో నేలకి ఎత్తుగా మూడు పొయ్యిలు పేరుస్తాడు, గాలి పడమట నుంచి వస్తోందని నోళ్లు అటే పెడతాడు. కట్టెల అడితిలో కప్పు కింద ఆరిన సరుగుడు 350 కిలోలు ముందురోజే తెప్పిస్తాం.

శనివారం రాత్రి మేస్త్రి ఇంట్లోనే పూర్ణం తయారవుతుంది. ఆరు కిలోల శనగపప్పు వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించి, నీళ్లు వార్చి, ఆరు కిలోల బెల్లం కలిపి దగ్గరపడనిచ్చి రుబ్బుతారు. అయిదుగురు సహాయకులు ఆరిందారినట్టు నిమ్మకాయంత ఉండలు చేస్తారు. అయిదువందల పైన వస్తాయి.

తెల్లవారుజామున నాలుగింటికి తోటలో పొయ్యి రాజుకుంటుంది. మొదటి గుండిగ పులిహోరది. ఏడాది నిలవున్న బియ్యం 14 కిలోలు, మరిగే ఎసట్లో రెండు వాయలుగా పడతాయి. కొత్త బియ్యమైతే ముద్దయిపోతుంది. పావుగంట దాటాక మేస్త్రి ఒక మెతుకు తీసి బొటనవేలితో నొక్కుతాడు. లోపల సన్నటి పలుకు తగలాలి. తగిలిన క్షణం గంజి వార్చేస్తారు. ఈతాకు చాపల మీద ఉతికిన తెల్లపంచె పరిచి, అన్నం దానిమీద పల్చగా నెరిపి, వేడి మీదే పసుపు, పచ్చినూనె, కరివేపాకు చల్లుతారు. పక్కపొయ్యి మీద కిలోముప్పావు చింతపండు గుజ్జు, చీరిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, చిన్న బెల్లంముక్క నూనెలో నలభై నిమిషాలు ఉడుకుతాయి. నూనె పైకి తేలి అంచులు వదిలితే అయినట్టు. అన్నం గోరువెచ్చగా చల్లారాకే పులుసు, వేరుశనగపప్పు పోపు వేసి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెక్క తెడ్లతో అంచునుంచి నడిమికి తిరగేస్తారు. ఒక్క మెతుకు విరగదు. ఆ పనితనం చూస్తూ నిలబడితే మేస్త్రి అంటాడు: “రుచి ఇప్పుడు చూడకండి బాబుగారూ, రెండు గంటలు ఊరనివ్వండి.”

కందబచ్చలికి కంద 12 కిలోలు. దురద పట్టకుండా చేతులకు నూనె రాసుకుని కోసి, బచ్చలితో, చింతపండు పులుసుతో మెత్తగా ఉడికిస్తారు. అసలు విద్య చివర్లో ఉంది. ఆవాలు, ఎండుమిరపకాయ నూరిన ముద్దని ఆవ అంటారు. పొయ్యి మీంచి దించి, కూర చల్లారాకే అది కలపాలి. సెగ మీద కలిపితే చేదెక్కుతుంది. మేస్త్రి గుండిగ పక్కకి చెయ్యి ఆనించి చూసి, ఇంకా కాదని రెండుసార్లు వెనక్కి వెళ్లి మూడోసారి కలుపుతాడు.

బూరెలు మాత్రం ఆఖర్న. మినప్పప్పు, బియ్యం రుబ్బిన పైపిండిని తోపు అంటారు. ఒక చుక్క నూనెలో వేస్తే అడుగంటకుండా వెంటనే లేవాలి, అంటే ఇంచుమించు 180 డిగ్రీలు. వాయకి ముప్పై, అయిదారు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి.

బస్సులు పదింటికి చేరతాయి. ఉసిరి మొదట్లో పసుపు కుంకుమ, ఉసిరికాయ తొలిచి నెయ్యి పోసిన దీపాలు, అరగంట పూజ. పిల్లలు ఆటల్లో పడతారు.

మొదటి పంక్తికి ముందే తొమ్మిది క్యారియర్లు నిండుతాయి. ఈ వరస నేను ఎప్పుడూ మార్చను. మిగిలిందేదో సర్ది పంపితే అది వాళ్లకి వనభోజనం కాదు. పన్నెండుంబావుకి వ్యాను వాటితో బయల్దేరుతుంది.

పన్నెండున్నరకి అరిటాకులు పడతాయి, కొస ఎడమవైపుకి. పంక్తికి డెబ్బై మంది, ముప్పై అయిదు నిమిషాలు. వడ్డన అంతా మేనేజర్లది. నేతిగిన్నె యజమానే పట్టుకుంటారు. వంగి వంగి వడ్డిస్తుంటే, లేతు మిషన్ మీద పనిచేసే పెద్దాయన ఆకుకి చెయ్యి అడ్డం పెడతాడు. “చాలండి” అంటుంటే ఆ వేళ్ల మధ్యనుంచే ఇంకో చుక్క పడుతుంది.

లెక్క చూస్తే సరుకులు, కూరగాయలు 38,000, మేస్త్రి బృందానికి 18,000, బస్సులకు 27,000, షామియానా, పాత్రలు, నీళ్లు 14,000, పూజ, బహుమతులు 6,000. మొత్తం 1,03,000, మనిషికి 470కి కాస్త తక్కువ.

మూడున్నరకి మేస్త్రి బృందం తింటుంది. విస్తళ్లు తోట చివర గోతిలో వేసి మట్టి కప్పుతాం. నిప్పుల మీద నీళ్లు జల్లుతారు. నాలుగున్నరకి వ్యాను తిరిగొస్తుంది, తొమ్మిది ఖాళీ క్యారియర్లతో. డ్రైవరు దిగుతూనే అంటాడు: “పులిహోర ఇంకొంచెం ఉందేమో చూడమన్నారండీ.” మేస్త్రి గుండిగ వంచి, అడుగున ఉన్నదంతా తెడ్డుతో తీసి రెండు గిన్నెలకి సర్దుతాడు.