భూర్జ వృక్షమును గుర్తించు విధము

పూజా సామగ్రి అంగళ్ళలో యంత్రములు వ్రాయుటకు అమ్మెడు భూర్జపత్రము ఆకు కాదు. హిమాలయములలో పెరుగు భూర్జ వృక్షపు బెరడు. ఈ చెట్టు మన ఉష్ణ ప్రాంతములలో పెరగదు. సుమారు 10,000 అడుగుల ఎత్తునుండి, చెట్లు పెరుగు చివరి మేరవరకు కనుపించును. గంగోత్రినుండి గోముఖమునకు పోవు దారిలోని భోజ్‌బాసాకు ఆ పేరు దీనివలననే వచ్చినది. యాత్రకు వెళ్ళు రైతు సోదరులు దీనిని ఈ క్రింది గుర్తులచే పోల్చుకొనవచ్చును.

బెరడు: తెలుపు లేక ఎరుపు కలిసిన గోధుమ రంగు. అడ్డముగా సన్నని గీతలుండును. కాండము గాలి పీల్చునది వీటి ద్వారానే. జామ బెరడు పెచ్చులుగా ఊడును. భూర్జ బెరడు కాగితపు పొరలవలె విడును.

ఆకులు: 2 నుండి 4 అంగుళముల పొడవు, కోడిగ్రుడ్డు ఆకారము, వాడి మొన, రంపపు పండ్లవంటి అంచు. చలికాలమునకు ముందే రాలును.

పూలు: మగ గుత్తులు తోకలవలె వ్రేలాడును. ఆడ గుత్తులు పిప్పళ్ళను పోలియుండును. రెక్కలుగల విత్తులు గాలికి ఎగురును.

పూర్వము ఈ పొరలపై గ్రంథములు వ్రాసిరి. 1881లో పెషావరు సమీపమున బక్షాలీలో దొరికిన గణిత గ్రంథము ఇట్టిదే.

బెరడు వలిచిన నష్టమేమి? ఆకులు తయారుచేసిన ఆహారమును వేళ్ళకు చేర్చునది లోపలి బెరడు. కత్తి లోతుగా దిగి, అది కాండము చుట్టూ తెగినచో, వేళ్ళకు ఆహారమందక చెట్టు చచ్చును. మామిడి మొదలుకు బిగించిన తీగ చేయు హానియు ఇదియే. ఆ చలిలో క్రొత్త మొక్క ఎదుగుట మిక్కిలి నెమ్మది. కావున చెట్టును చూచి గుర్తించుడు. బెరడును చెట్టుకే విడువుడు.