సంతకం ఆల్బమ్‌కు చేరేదాకా

నాయకుల సంతకాలు సేకరించేవాళ్లు ముందు చూసుకునేది కార్డు. మూడంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవు, పూత లేని తెల్ల కార్డు. నున్నటి పూత ఉంటే ఇంకు పీల్చుకోదు, చెయ్యి తగలగానే అలుక్కుపోతుంది.

తర్వాత ఉత్తరం. చేత్తో రాస్తారు, ఒక్క పేజీ దాటనివ్వరు. ఆ నాయకుడు చేసిన ఒక ప్రసంగాన్నో, తెచ్చిన చట్టాన్నో పేరు పెట్టి ప్రస్తావిస్తారు. కార్డు ఒక్కటే జతచేస్తారు. నాలుగు పెడితే అమ్ముకోవడానికని ఆఫీసువాళ్లు అనుమానిస్తారు.

ఇప్పుడు తూకం. ఏ4 కాగితం దాదాపు అయిదు గ్రాములు, కార్డు రెండున్నర. సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన తిరుగు కవరును మడిచి లోపల పెడతారు. అన్నీ కలిపి 20 గ్రాములు దాటకపోతే 5 రూపాయల స్టాంపు చాలు, తిరుగు కవరుకు మరో 5. పంపిన తేదీ, చిరునామా రిజిస్టరులో ఎక్కుతాయి. జవాబుకు నెలలు పట్టవచ్చు.

జవాబు వచ్చాక అసలు పనితనం మొదలవుతుంది. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద సంతకం చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది అచ్చు. గీతంతా ఒకే ఒత్తిడితో సాగి, మొదట్లోనూ చివరా ఇంకు చుక్క నిలిస్తే ఆటోపెన్‌ను అనుమానించాలి. ఆటోపెన్ అంటే అచ్చుమూసను బట్టి కలాన్ని నడిపే యంత్రం. అమెరికా అధ్యక్షుడు కెనెడీ దాన్ని ఎంతగా వాడారంటే, ఆ సంతకాలను విడమరుస్తూ సంతకాల నిపుణుడు చార్లెస్ హామిల్టన్ 1965లో ఏకంగా ఒక పుస్తకం వేశాడు. పరీక్ష తేలికే. రెండు సంతకాలను కిటికీ వెలుగులో ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తారు. గీతకు గీత సరిపోతే అది యంత్రం పనే. మనిషి చెయ్యి అచ్చంగా అలాగే రెండోసారి గీయలేదు. కెనెడీ కార్యదర్శి ఎవెలిన్ లింకన్ కూడా ఆయన పేరుతో సంతకం చేసేవారు. దాన్ని పట్టుకోవడానికి అక్షరాల వాలు, మలుపు తెలిసిన కన్ను కావాలి.

పాత సంతకమైతే కాగితాన్నీ పరీక్షిస్తారు. హరిజన నిధికి అయిదు రూపాయలు తీసుకుని గాంధీజీ సంతకం చేసేవారు. ఆయన పేరుతో వచ్చిన కాగితం యూవీ టార్చి కింద నీలంగా వెలిగితే కొనరు. అలా వెలిగేది తెల్లదనం కోసం కలిపే రసాయనాల వల్ల, అవి 1950 ప్రాంతం నుంచే కాగితాల్లో విరివిగా కనిపిస్తాయి.

సలహాదారుల సంతకాలకు దారి వేరు. పి.వి. నరసింహారావుకు మీడియా సలహాదారుగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్, మన్మోహన్‌సింగ్‌కు అదే పని చేసిన సంజయ బారు పుస్తకాలు రాశారు. ఇలాంటివాళ్ల సంతకాలను వాళ్ల పుస్తకాల మొదటి పేజీలోనే వెతకాలి. ఎదుటివారి పేరు రాసి, తేదీ వేసి చేసిన సంతకం నా లెక్కలో యంత్రం గీసిన నాయకుడి సంతకం కంటే ఎంతో విలువైనది.

చివరిది భద్రం. లామినేషన్ ఎప్పుడూ చేయించరు, ఆ వేడీ జిగురూ కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. ఆమ్లం లేని కాగితం దన్నుగా పెట్టి, పాలిస్టర్ తొడుగులో ఉంచుతారు. 20 డిగ్రీల చుట్టూ వేడి, 50 శాతం దగ్గర తేమ మంచిది. కోస్తా వానాకాలంలో అది కష్టం కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేస్తారు. పోస్టు ముద్ర పడిన కవరునూ పారేయరు. సంతకం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

మీ ఇంట్లో తాతగారి ఆటోగ్రాఫ్ పుస్తకం ఉంటే పేజీలు చించి ఫ్రేము కట్టించకండి. పుస్తకాన్ని పుస్తకంగానే ఉంచి, ఏ సంతకం ఎప్పుడు, ఎక్కడ తీసుకున్నదో తెలిసిన పెద్దలను అడిగి వేరే కాగితం మీద రాసిపెట్టండి.